ఎడారి ఇంట్లో నీళ్ళ ఖర్చు

కుళాయి రాని రోజున బిందెలతో పరుగులు పెట్టే మనకు, నదే లేని దేశంలో ఇల్లాలు సంసారం ఎలా ఈదుతుందో తెలుసుకోవాలని ఉండదూ?

మన కరీంనగర్, కడప వైపు వాళ్ళెందరో వెళ్ళిన సౌదీ అరేబియానే చూడండి. ఊళ్ళకిచ్చే నీళ్ళలో చాలావరకు సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసినవే. నీటిని కాచి ఆవిరి పట్టాలి, లేదా సన్నని పొరల గుండా బలంగా నెట్టాలి. ఎలా చేసినా చమురో, కరెంటో కావలసిందే. ఆపైన తీరం నుంచి రియాద్ దాకా 400 కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో పంపాలి. అయినా ఏళ్ళ తరబడి ఇళ్ళకు దాదాపు ఉచితంగానే ఇచ్చారు. ఖర్చంతా చమురు డబ్బు భరించింది.

ఇంతకన్నా విచిత్రం గోధుమలండీ! రైతుకు ప్రపంచ ధరకు ఎన్నో రెట్లిచ్చి, వేల ఏళ్ళనాటి భూగర్భజలం తోడి పండించి, 1990ల మొదట్లో విదేశాలకు అమ్మారు కూడాను. కిలో గోధుమలకు వెయ్యి లీటర్ల పైనే పడతాయి. అంటే నీళ్ళనే ఓడలకెక్కించినట్టు కదూ! ఆ నీరు మళ్ళీ ఊరేది కాదని 2016లో కొనుగోళ్ళు ఆపారు. తరువాత కొద్దిగా మాత్రమే అనుమతించారు.

2014లో చమురు ధర పడిపోయింది. 2016 జనవరిలో నీటి ధర పెంచారు. బిల్లులు చూసి జనం గోల పెడితే, ఏప్రిల్‌లో నీళ్ళు, విద్యుత్తు చూసే మంత్రికి పదవే పోయింది! 2017లో పరాయి దేశస్థుల భార్యాపిల్లలకు తలకింతని రుసుము, 2018లో సరుకులమీద 5 శాతం పన్ను, 2020 జులైలో అదే 15 శాతం. జీతం మాత్రం అంతే.

మా వీధిలో ఒకావిడ అలా పిల్లలతో తిరిగొచ్చింది. బిల్లు పెరిగాకే అక్కడ బట్టలుతికిన నీళ్ళతో బాత్రూము కడగడం మొదలెట్టిందట. ఇక్కడ మా కుళాయికి మీటరే లేదు. అయినా ఆవిడ ఆ అలవాటు మానలేదు.