మెల్లగా సాగు చాలకనాడీవ్యాధి

చేయి ఎత్తవలెనన్న ఆజ్ఞ మెదడునుండి వెన్నుపామునకు, అచ్చటి చాలకనాడీకణముల ద్వారా కండరమునకు చేరును. ఈ కణములు నశించినచో ఆజ్ఞలందని కండరము కృశించును. ఇట్టి వ్యాధులలో ప్రసిద్ధమైనది పెక్కుమందిని ఐదేండ్లలోపుననే బలిగొనును.

అన్నియు అట్టివి కావు. 1970లో మద్రాసున మీనాక్షిసుందరం ప్రభృతి వైద్యులు వర్ణించిన రకము మిక్కిలి మెల్లగా సాగును. రోగులు దశాబ్దములు జీవింతురు. అరుదైన ఈ వ్యాధి ముఖ్యముగా దక్షిణభారతమున, తెలుగునాటగూడ, కనిపించును. సాధారణముగా 30 ఏండ్లలోపు మొదలగును. ఒక చేయియో కాలో సన్నబడును. ముఖము, నాలుక బలహీనపడును. పలువురికి చెవుడు వచ్చును. బుద్ధి మాత్రము చెడదు.

కావున మేడ్చల్, శామీర్‌పేట పాఠశాలలలో ఒక బాలుని చేవ్రాత నానాటికి చెడుచు, హాజరు పిలుపు వినబడకున్నచో సోమరితనమని దండింపరాదు. కారణము వేరైనను కావచ్చును, నాడీవైద్యుడే తేల్చవలెను. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో ఆ విభాగము కలదు.

ఈ వ్యాధిని మాన్పు మందు లేదు. అయినను మితమైన వ్యాయామము, మ్రింగుటలో మెలకువ, వినికిడి సాధనములు, వ్రాతపరీక్షలో లేఖకుని సాయము ఉన్నచో చదువు ఆగనక్కరలేదు. వ్యాధి మెల్లగా సాగుటవలన జీవితమును దానికి తగినట్లు దిద్దుకొనుటకు వ్యవధి కలదు. ముందుగా గుర్తించినపుడే ఆ వ్యవధి ఉపయోగపడును.