మీకు తెలుసా? ఆరో ఎత్తుకే గుర్రం బలి!

లక్డారం, పటాన్‌చెరు పిల్లలు చెస్ టోర్నీకి వెళితే ముందు కన్నేసి ఉంచాల్సింది ఎఫ్7 గడి మీద. ఆట మొదట్లో అక్కడి నల్ల బంటుకు కాపలా రాజు ఒక్కడే. ‘ఫ్రైడ్ లివర్’ దాడి గురి సరిగ్గా అక్కడే. పేరు వింతగా ఉన్నా దెబ్బ గట్టిది, పైగా 400 ఏళ్ల నాటిది. తెల్లవైపు ఆటగాడు ఆరో ఎత్తులో గుర్రాన్ని ఎఫ్7 మీదికి దూకిస్తాడు. మంత్రినీ ఏనుగునూ ఒకేసారి బెదిరించే ఆ గుర్రాన్ని రాజు చంపక తప్పదు. వెంటనే తెల్ల మంత్రి ఎఫ్3 నుంచి చెక్ చెబుతాడు. తన గుర్రాన్ని కాపాడుకోవాలంటే నల్లరాజు ఈ6కి, అంటే నట్టనడి బోర్డులోకి, నడవాల్సిందే.

విరుగుడు లేకపోలేదు. నల్లవైపు ఆటగాడు ఐదో ఎత్తులో డీ5 బంటును చంపే ఆశ మాని, రెండో గుర్రాన్ని ఏ5కి పంపి తెల్ల శకటాన్ని బెదిరించాలి. ఒక బంటు పోతుంది, అంతే!

చిన్న వయసులోనే పదునైన ఆటకు పేరుపడ్డ మనవాడు ఎరిగైసి అర్జున్. ఈ వరంగల్ కుర్రాడు 2018లో 15 ఏళ్లు నిండకుండానే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 డిసెంబరు ఫిడే జాబితాలో అతని రేటింగ్ 2801. అంతకుముందు 2800 దాటిన భారతీయుడు విశ్వనాథన్ ఆనంద్ ఒక్కరే.