అమ్మకు ఏ వాచీ కొందాం?

ఒకప్పుడు మన పల్లెల్లో పెండ్లికుమారునికి అత్తవారు పెట్టే వస్తువులు మూడు: వాచీ, సైకిలు, రేడియో. (కట్నకానుకల సంగతి మరొక సంచికలో మాట్లాడుకుందాం. దానికి ఈ పేజీలు చాలవు.) ఆ వాచీ చాలా ఇండ్లలో హెచ్.ఎం.టి.దే. జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగుళూరులో వాచీలు చేయడం మొదలుపెట్టిన ప్రభుత్వ సంస్థ అది. ప్రొద్దున్నే లేచి కీ ఇచ్చుకుంటే చాలు, తండ్రి చేతి నుండి కొడుకు చేతికి వచ్చేదాకా నడిచేది. 2016లో ఆ వాచీల కంపెనీని మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఇప్పుడు ఆ స్థానంలోకి స్మార్ట్ వాచీ వచ్చింది.

హెచ్.ఎం.టి. కొనేటప్పుడు ఆలోచించవలసింది తక్కువే. తెల్ల డయలా, నల్ల డయలా, తోలు బెల్టా, స్టీలు చైనా? అంతటితో సరి. స్మార్ట్ వాచీ అలా కాదు. ఒకే పేరుతో చిన్నది, పెద్దది, సిమ్ ఉన్నది, సిమ్ లేనిది, నిరుటిది, ఈ యేటిది అని ఐదారు రకాలుంటాయి. రెండు వేల రూపాయలకూ వాచీయే, నలభై ఐదు వేలకూ వాచీయే. క్రిస్మసు దగ్గరపడుతుంటే పట్నంలో ఉద్యోగాలు చేసుకుంటున్న మా సంఘ యౌవనస్థులు సెలవులకు వచ్చి, ఆరాధన ముగిశాక నిలబడి, "అయ్యగారూ, అమ్మకు వాచీ కొందామనుకుంటున్నాం. ఏ రకం కొనమంటారు?" అని అడుగుతున్నారు. అడిగేది వాచీ గురించే. దాని వెనుక ఉన్నది మాత్రం అమ్మ బి.పి., అమ్మ షుగరు, ఊళ్ళో అమ్మ ఒంటరితనం. అందుచేత ఈ ప్రశ్నను తేలికగా తీసిపారేయలేము.

మొదట చూడవలసింది వాచీని కాదు, అమ్మ చేతిలో ఉన్న ఫోనును. స్మార్ట్ వాచీ తనంతట తాను బ్రతికేది కాదు, ఫోనుకు అంటుకట్టిన కొమ్మ వంటిది. ఆపిల్ వాచీ ఆపిల్ వారి ఐఫోనుతో తప్ప మరే ఫోనుతోనూ పనిచేయదు. సామ్‌సంగ్ గెలాక్సీ వాచీలు 2021 నుండి వచ్చినవి ఆండ్రాయిడ్ ఫోనులతోనే పనిచేస్తాయి, ఐఫోనుతో కలవవు. వాటిలో బి.పి., ఇ.సి.జి. చూపే సదుపాయానికైతే ఆండ్రాయిడ్ ఉంటే చాలదు, సామ్‌సంగ్ ఫోనే ఉండాలి. ఇక అమ్మది బటన్ ఫోను అయితే, ఈ వాచీలలో చాలావరకు ఆమెకు పనికిరావు. కువైట్‌లో ఉన్న కుమారుడు ప్రేమతో ఆపిల్ వాచీ పంపితే, ఇంట్లో ఉన్నది ఎనిమిది వేల రూపాయల ఆండ్రాయిడ్ ఫోను కావడంతో ఆ వాచీ అట్టపెట్టెతో సహా బీరువాలో ఉండిపోయిన ఇల్లు నాకు తెలుసు. పంపిన బిడ్డకు ఆ మాట చెప్పడానికి తల్లికి మనసు రాలేదు.

రెండవది చార్జింగు. ఇరవై ఐదు వేలు దాటిన ఆపిల్ ఎస్.ఇ. రకానికి కంపెనీ వారు చెప్పే లెక్క 18 గంటలు. అంటే ప్రతిదినమూ చార్జింగు పెట్టవలసిందే. రెండు మూడు వేల రూపాయల వాచీలు చేసే పని తక్కువ కాబట్టి నాలుగైదు రోజులు, కొన్ని వారం రోజులు కూడా వస్తాయి. సామ్‌సంగ్‌లో చిన్న పెద్ద రకాల మధ్య తేడా కూడా ముఖ్యంగా ఇక్కడే ఉంది. 2023లో వచ్చిన గెలాక్సీ వాచీ 6లో 40 మిల్లీమీటర్ల దాని బ్యాటరీ 300 ఎం.ఎ.హెచ్., 44 మిల్లీమీటర్ల దానిది 425. చూడటానికి నాలుగు మిల్లీమీటర్లే, బ్యాటరీలో మూడో వంతుకు పైగా ఎక్కువ. అయితే సన్నని మణికట్టు గల స్త్రీలకు పెద్దది బరువుగా ఉంటుంది, గాజులకు తగులుతుంది. అలా తగిలే వాచీని అమ్మ రెండు రోజులు పెట్టుకొని మూడవ రోజున మేకుకు తగిలిస్తుంది. కాబట్టి అంగడిలో ఆమె చేతికే పెట్టి చూడాలి. కొడుకు చేతికి పెట్టి చూసి కొనకూడదు.

నీళ్ళ సంగతి ఒకటుంది. పెట్టె మీద ఐ.పి.68 అని కొన్నిటికి, 5 ఎ.టి.ఎం. అని కొన్నిటికి వ్రాసి ఉంటుంది. మొదటిది దుమ్ము లోపలికి పోదనీ, మీటరుకు మించిన లోతు నీళ్ళలో కంపెనీ చెప్పినంతసేపు మునిగినా తట్టుకుంటుందనీ తెలిపే గుర్తు. రెండవది 50 మీటర్ల లోతున ఉండేంత నీటి ఒత్తిడికి పరీక్షించినది, ఈతకు పనికివస్తుంది. వరినాట్లకు దిగేవారు, చేపల చెరువుల మీద పనిచేసేవారు, కాలువలో దిగి బాప్తిస్మమిచ్చే నావంటివారు రెండవదే చూసుకోవాలి. ఏ గుర్తు ఉన్నా సబ్బునీళ్ళు, వేడి ఆవిరి వాచీకి మంచివి కావు. పురుగు మందు కొట్టేటప్పుడు మాత్రం తప్పక తీసి ఇంట్లో పెట్టండి. బెల్టు క్రింద చేరిన మందు చర్మానికి అంటుకొనే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. "ఇందులో షుగరు చూసుకోవచ్చు" అని చెప్పి అమ్మే వాచీలు మన సంతల్లోనూ, ఫోనులో వచ్చే ప్రకటనల్లోనూ ఉన్నాయి. మా సంఘంలో ఒక పెద్దావిడ, స్త్రీల సమాజంలో నిలువెత్తు స్తంభం వంటి మనిషి, అటువంటి వాచీ పెట్టుకొని ప్రతి ఉదయం అందులో 110, 115 అని చూసి దేవునికి స్తోత్రము చెల్లించేది. అంకె బాగుందని మాత్ర ఒక పూట మానేసింది, తరువాత రెండు పూటలూ మానేసింది. కాలి వ్రేలికి తగిలిన చిన్న దెబ్బ మూడు వారాలైనా మానకపోతే ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ రక్తం తీసి చూస్తే షుగరు మూడు వందలు దాటి ఉంది. కాలు దక్కింది. రెండు నెలలు మంచం మీద ఉండవలసి వచ్చింది.

ప్రియ చదువరులారా, సూది గుచ్చకుండా చర్మం మీద నుండే షుగరు కొలిచే వాచీని గాని ఉంగరాన్ని గాని తాము ఒక్కదానినీ ఆమోదించలేదని అమెరికా దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది. అటువంటి అంకెను నమ్మి మందు తప్పుగా వాడితే ప్రాణానికే ముప్పు అని కూడా చెప్పింది. చేతికి ఒక చిన్న సెన్సరు అతికించుకుంటే, దాని అంకెను వాచీలో చూపే ఏర్పాటు వేరే ఉంది. ఆ సెన్సరుకు చర్మం లోపలికి పోయే సన్నని తీగ ఉంటుంది. అది వైద్యులు చెబితే వాడేది. వట్టి వాచీ షుగరు చూపిస్తుందని ఎవరైనా అంటే ఆ అంగడి మెట్లు దిగి వచ్చేయండి.

వాచీ వెనుక ప్రక్క వెలిగే పచ్చని దీపం చూశారా? రక్తం పచ్చని వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడెల్లా మణికట్టులో రక్తం పెరిగి తగ్గుతుంది, ఆ లెక్కన తిరిగి వచ్చే వెలుగు తగ్గి పెరుగుతుంది. దాన్ని లెక్కపెట్టి నిమిషానికి నాడి ఎంతో వాచీ చెబుతుంది. మనిషి కదలకుండా కూర్చొని ఉంటే, బెల్టు బిగువుగా ఉంటే, ఆ లెక్క ఫరవాలేదు. బి.పి. అలా కాదు. చవక వాచీలు ఆ వెలుగు మీదనే ఊహ కట్టి బి.పి. అంకె వేస్తాయి. సామ్‌సంగ్ వంటి పెద్ద కంపెనీయే, ముందు దండచేతికి పట్టీ కట్టే బి.పి. మిషనుతో సరిచూసుకోండి, నాలుగు వారాలకు ఒకసారి మళ్ళీ సరిచూసుకోండి అని చెబుతోంది. మరి మిషను ఎలాగూ కావలసినదే గదా!

ఆపిల్‌లో చవకైన ఎస్.ఇ. రకానికీ, ఖరీదైన సిరీస్ రకానికీ ఉన్న తేడాలలో ఒకటి ఇ.సి.జి. ఎస్.ఇ.లో అది లేదు. సిరీస్‌లో 2018 నుండి ఉంది. "గుండెకు మంచిదట" అని దానికోసమే పదిహేను, ఇరవై వేలు అదనంగా పెట్టేవారున్నారు. అది గుండె లయ తప్పి కొట్టుకొనే ఒక విధమైన జబ్బును గుర్తించగలదు. గుండెపోటును గుర్తించలేదు. ఆ మాట కంపెనీ వారే స్పష్టంగా చెప్పారు. లయ తప్పే జబ్బు ఉందని వైద్యులు చెప్పినవారికి ఆ డబ్బు దండుగ కాదు. మిగిలినవారికి నా సలహా వేరు. సుమారు వెయ్యి రూపాయలు పెడితే గ్లూకోమీటరు వస్తుంది, మరికొంత వేస్తే దండచేతికి కట్టే బి.పి. మిషను వస్తుంది. ఆ రెండూ కొని, మిగిలిన డబ్బులో వచ్చే వాచీ కొనండి. అదీ కుదరనివారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు, బి.పి. పరీక్షలు ఉచితంగా చేస్తారు. ఎప్పుడు చేస్తారో మీ వాడలో ఆశా కార్యకర్తను అడిగితే చెబుతుంది.

ఇంత చెప్పాను కనుక ఖరీదైన రకం అక్కరలేదంటానని అనుకోవద్దు. ఒక సందర్భంలో మాత్రం ఎక్కువ డబ్బు పెట్టమంటాను. పిల్లలందరూ హైదరాబాదులోనో, గల్ఫులోనో ఉండి, తల్లి గాని తండ్రి గాని ఊళ్ళో ఒంటరిగా ఉన్న ఇంటికి సిమ్ ఉన్న రకం కొనండి. ఎందుకో చెబుతాను. ఆపిల్ ఎస్.ఇ., సిరీస్ రకాలలోనూ, సామ్‌సంగ్ గెలాక్సీ వాచీలలోనూ మనిషి గట్టిగా పడిపోతే గుర్తించే ఏర్పాటు ఉంది. ఆపిల్‌ది, పడినవారు సుమారు ఒక నిమిషం కదలకపోతే అత్యవసర నంబరుకు తానే ఫోను చేస్తుంది. సామ్‌సంగ్‌ది మనం ముందుగా వ్రాసి పెట్టిన నంబర్లకు కబురు పంపుతుంది. సామ్‌సంగ్‌లో దాన్ని సెట్టింగులలో మనమే ఆన్ చేసిపెట్టాలి. అయితే సిమ్ లేని బ్లూటూత్ రకం ఈ పని చేయాలంటే ఫోను ఆ దగ్గరలోనే, సుమారు పది మీటర్లలోపు ఉండాలి. మన అమ్మల ఫోను ఎక్కడ ఉంటుంది? మంచం మీద తలగడ క్రింద. అమ్మ జారిపడేది ఎక్కడ? దొడ్లో బోరింగు దగ్గర, పశువుల పాకలో. సిమ్ ఉన్న రకమైతే ఫోను ఎక్కడున్నా వాచీయే మాట్లాడుతుంది.

గెలాక్సీ వాచీ 6 మన దేశంలో 2023లో వచ్చినప్పుడు సిమ్ ఉన్న దానికీ లేని దానికీ తేడా నాలుగు వేల రూపాయలు. ఆ నాలుగు వేలు అటువంటి ఇంటికి నేను ఎక్కువనను. కొనే ముందు మూడు సంగతులు తెలుసుకోండి. అందులో వేసేది మామూలు సిమ్ కాదు, ఈ-సిమ్. అమ్మ నంబరు ఏ కంపెనీదో ఆ కంపెనీ వారు వాచీకి ఈ-సిమ్ ఇస్తారా, ప్రీపెయిడ్ నంబరుకు కూడా ఇస్తారా అని వారినే అడగండి. మీ ఇంటి దొడ్లో ఆ కంపెనీ సిగ్నల్ అందుతుందా అని నిలబడి చూడండి. మూడవది, సిమ్ వాడితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది, ప్రతిరోజూ చార్జింగు తప్పదు. సాయంకాలపు కుటుంబ ప్రార్థన వేళ చార్జింగు పెట్టమని నేను చెబుతుంటాను. అమ్మకు గుర్తుంటుంది, ప్రార్థన మధ్యలో చేతి మీద గుర్రుమనే బాధా తప్పుతుంది. (ఆదివారపు ఆరాధనకు పెట్టుకొని వచ్చే యౌవనస్థులకు 'డు నాట్ డిస్టర్బ్' అనే గుర్తు ఎక్కడుందో నేను చెప్పనక్కరలేదు.) స్నానాల గదికి పోయేటప్పుడు మాత్రం వాచీ తీసి గూట్లో పెట్టవద్దని అమ్మకు గట్టిగా చెప్పండి. ముసలివారు జారిపడేది ఎక్కువగా అక్కడే. సబ్బు అంటితే మంచినీళ్ళతో కడిగి తుడుచుకోవచ్చు.

వాయిదాల మీద కొనడం గురించి ఒక మాట. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చొని ఖర్చు లెక్క చూసుకుంటాడని మన ప్రభువు చెప్పిన ఉపమానం మీకు తెలిసినదే. వాచీ ధర పన్నెండు వాయిదాలు చేస్తే చిన్నదిగానే కనబడుతుంది. ఆ పన్నెండులో పంట చేతికి రాని నెలలు ఎన్నో లెక్కపెట్టుకోండి. నిరుటి రకం ధర తగ్గి ఉంటుంది, ఈ యేటి రకానికీ దానికీ తేడా చాలాసార్లు రోజువారీ వాడుకలో తెలియనే తెలియదు. కంపెనీ వారు ఇంకా ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తారో అడిగి, రెండు మూడేళ్ళు మిగిలి ఉంటే నిరుటిదే తీసుకోండి.

అంగడిలో డబ్బు చెల్లించే ముందు చేయవలసిన చిన్న పనులు కొన్ని ఉన్నాయి. పెట్టె మీద బి.ఐ.ఎస్. వారి గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బి.ఐ.ఎస్. కేర్ అనే ప్రభుత్వపు యాప్‌లో ఆ నంబరు కొడితే అది నిజమైనదో కాదో తెలుస్తుంది. వాచీని ఎండలోకి తెచ్చి అంకెలు కనబడుతున్నాయా అని అమ్మనే చదవమనండి, చత్వారం ఉన్నవారికి అక్షరాలు పెద్దవి చేసి చూపించమని అడగండి. ఆ తరువాత మీ ఫోను నుండి అమ్మ ఫోనుకు తెలుగులో ఒక కబురు పంపించండి. కొన్ని చవక వాచీలలో తెలుగు అక్షరాలకు బదులు వరుసగా ఖాళీ డబ్బాలు వస్తాయి. డబ్బాలు వస్తే వేరే రకం చూపించమనండి. చార్జింగు వైరు ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క విధంగా ఉంటుంది, పోతే మన మండల కేంద్రాల్లో దొరకదు, కాబట్టి రెండవ వైరు కూడా అప్పుడే తీసుకొని, బిల్లుతో పాటు భద్రపరచండి.