‘స్టేబుల్’ – నిలుకడ : అర్థవిచారము

1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన హైటెక్ సిటీ ప్రాంతపు ఉద్యోగుల వాడుకలో ‘స్టేబుల్’ అను ఆంగ్ల విశేషణము సాఫ్ట్‌వేరునకును, రోగికిని, మనస్సునకును చెల్లుచున్నది. దీనిని ‘స్థిరము’ అని అనువదించుట కలదు. లాటిను ‘స్టారే’, సంస్కృత ‘స్థా’ ధాతువులు సజాతీయములు. నిలుచుటయే రెంటి అర్థము. కాని తెలుగున ‘స్థిరము’ శాశ్వతత్వమును స్ఫురింపజేయును. ‘స్థిరాస్తి’, ‘స్థిరనివాసము’ నిదర్శనములు.

సాఫ్ట్‌వేరున ‘స్టేబుల్’ రూపమన్ననో, పరీక్షింపబడి నమ్మి వాడదగినది. శాశ్వతమైనది కాదు, క్రొత్త రూపము దానిని తొలగించును. కావున నిలుచుటనుండియే పుట్టిన ‘నిలుకడ’ ఇచట మేలు. రోగి ‘నిలుకడగా ఉన్నాడు’ అన్నను స్వస్థుడయ్యెనని కాదు, స్థితి విషమించుట లేదనియే తాత్పర్యము. మనస్సునకు ‘నిబ్బరము’ తగును; అందు శాంతముతోపాటు ధైర్యమును కలదు.

విశేష్యమును బట్టి విశేషణము నెన్నుకొనుటయే యుక్తమని మేము తలంచుచున్నాము.