మట్టికట్ట కుంటల్లో చేపల రక్షణ – మత్తడి భద్రత

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో సొంత భూమిలోని ఒర్రెకు అడ్డంగా మట్టికట్ట వేసి నిలిపిన కుంటల్లో బొచ్చె, రోహు, మృగాల చేపపిల్లలను వదులుతారు. ఈ రకాలు నిలువ నీటిలో సాధారణంగా గుడ్లు పెట్టవు. కావున పిల్లలను మళ్ళీ మళ్ళీ కొనవలసిందే. డబ్బు పెట్టి పెంచిన చేప వరదలో పోరాదని మత్తడికి అడ్డంగా వల కడతారు. కట్టకు ముప్పు అక్కడే మొదలవుతుంది.

ఉదాహరణకు 40 హెక్టార్ల పరీవాహకంపై గంటకు 50 మి.మీ. వాన కురిసి, అందులో 40 శాతం పారితే సెకనుకు సుమారు 2.2 ఘనపు మీటర్ల నీరు నిండు కుంటకు చేరుతుంది. 10 మీటర్ల మత్తడిపై ఆ నీరు దాదాపు 26 సెం.మీ. లోతున పొర్లుతుంది. కొట్టుకువచ్చిన చెత్త, తుంగ, కొమ్మలు వలకు పట్టి మత్తడిలో ముప్పాతిక భాగం మూసుకుంటే అదే నీటికి 65 సెం.మీ. లోతు కావాలి. మత్తడి కంటే కట్ట 60 సెం.మీ. మాత్రమే ఎత్తుగా ఉంటే నీరు కట్టపైకెక్కుతుంది. మట్టికట్ట దానిని ఎంతోసేపు తట్టుకోలేదు.

పెద్ద కట్టలకూ ఇదే గతి. ఆగస్టు 1958 వరదలో కడెం ప్రాజెక్టు కట్టపై నీరు 46 సెం.మీ. ఎత్తున పొర్లి, ఎడమవైపు సుమారు 137 మీటర్ల గండి పడింది. అక్కడ కారణం వల కాదు, అంచనాకు మించిన వరద. అయినా తెగిన తీరు ఒక్కటే.

వల తప్పనిసరైతే దానిని మత్తడిపై గాక, కుంట లోపలివైపు అర్ధచంద్రాకారంలో, మత్తడికి నాలుగింతల పొడవున అమర్చాలి. ముప్పాతిక వంతు మూసుకున్నా మత్తడి పొడవుకు సరిపడా దారి మిగులుతుంది. వాన కురిసే రాత్రి చెత్త తీసే మనిషి లేనిచోట వల కట్టకపోవడమే మేలు. కొన్ని చేపలు పోయినా కట్ట దక్కుతుంది. పైగా వరదకు ఎదురెక్కే చేపలు ఒర్రెలోకీ పోతాయి. వాటిని మత్తడి వల ఆపలేదు.

పక్షుల కోసం కట్టపై చెట్లు పెంచడమూ ఇటువంటి పొరపాటే. చెట్టు ఎండిన తరువాత కుళ్ళిన వేరు వెంట నీరు దారి చేసుకుంటుంది. ఎండ్రకాయల, పందికొక్కుల బొరియలు, వేసవిలో నల్లరేగడి కట్టకు పడే నెర్రెలు తొలకరికి ముందే కనబడాలంటే కట్టపై గడ్డి మాత్రమే ఉండాలి. చెట్లకు, తుంగకు తగిన చోటు ఒర్రె కుంటలో కలిసే లోతులేని అంచు. కొంగలు, నీటికోళ్ళు అక్కడికే చేరతాయి. కొర్రమీను గూడు కట్టేదీ ఆ తుంగలోనే. అది ఉన్న కుంటలో వేలెడు కంటే చిన్న బొచ్చె పిల్లలను వదిలితే దానికి మేతవుతాయి.