తెలుగు గ్రామఫోన్ రికార్డుల సేకరణ

తెలుగు పాటలు, పద్యాలు, హరికథలు, నాటకాలు ముద్రితమైన పాత గ్రామఫోన్ రికార్డులను వెతికి, భద్రపరచి, వాటి వివరాలను నమోదు చేయడాన్ని తెలుగు గ్రామఫోన్ రికార్డుల సేకరణ అంటారు. అనేక పాత గానాలకు మూలప్రతులు మిగలనందున, ఈ అభిరుచి తెలుగు సంగీత చరిత్రకు ముఖ్యమైన ఆధారంగా నిలిచింది.

చరిత్ర

భారతదేశంలో గ్రామఫోన్ కంపెనీ తొలి ధ్వనిముద్రణలు 1902లో కలకత్తాలో జరిగాయి. తెలుగు రికార్డులు హిజ్ మాస్టర్స్ వాయిస్, కొలంబియా, ట్విన్, ఓడియన్, హచిన్స్ మొదలైన పేర్లతో వెలువడ్డాయి. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి రంగస్థల నటుల పద్యాలు నాటకం చూడని ఊళ్ళకు కూడా వీటి ద్వారానే చేరాయి.

రకాలు

* 78 వేగపు రికార్డులు: లక్కతో తయారైనవి. నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయి. 10 అంగుళాల రికార్డుపై ఒక్కో వైపు సుమారు 3 నిమిషాల పాట మాత్రమే పడుతుంది.
* ఎల్పీలు: 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ ప్రవేశపెట్టిన వినైల్ రికార్డులు. ఒక్కో వైపు 20 నిమిషాలకు పైగా వినవచ్చు. ఘంటసాల భగవద్గీత 1974లో ఆయన మరణించిన తరువాత ఎల్పీగా విడుదలైంది.

అమెరికాలో బాబ్ డిలాన్, జోనీ మిచెల్ వంటివారు స్వయంగా రచించి పాడిన ఎల్పీలకు సేకర్తలలో ఆదరణ ఎక్కువ. తెలుగులో ఇటువంటి రచయిత-గాయకుడు ఎం.ఎస్.రామారావు. సుందరకాండను గేయరూపంలో రాసి పాడినది ఆయనే.

ప్రాముఖ్యత

1930వ దశకపు తెలుగు చిత్రాలలో అనేకం నేడు లభ్యం కావు. వాటిలో కొన్నింటి పాటలు రికార్డులపై మాత్రమే మిగిలాయి. శంకరంబాడి సుందరాచారి 1942లో దీనబంధు చిత్రం కోసం రాసిన "మా తెలుగు తల్లికి మల్లెపూదండ" ఆ చిత్రంలో చోటు చేసుకోలేదు. టంగుటూరి సూర్యకుమారి పాడిన గ్రామఫోన్ రికార్డు ద్వారా అది ప్రచారం పొంది, తరువాత ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమయింది.

బొబ్బిలి జమీందారీ వంశానికి చెందిన వి.ఎ.కె.రంగారావు మద్రాసులో వేలాది 78 వేగపు రికార్డులను సేకరించి, వాటి ఆధారంగా సినిమా సంగీతంపై విస్తృతంగా రచనలు చేశారు.

భద్రపరచడం

లక్క రికార్డు కింద పడితే పగిలిపోతుంది. స్పిరిటు తగిలితే లక్క కరుగుతుంది కనుక దానితో తుడవరాదు. రికార్డులను ఒకదానిపై ఒకటి పేర్చకుండా నిలువుగా ఉంచాలి. కె.గంగవరం, అమలాపురం వంటి గోదావరి డెల్టా ప్రాంతాలలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కాగితపు తొడుగులు త్వరగా బూజు పడతాయి. వాటిని తరచూ మార్చాలి.

78 వేగపు రికార్డు గాడి ఎల్పీ గాడి కంటే వెడల్పైనది. అందువలన దానికి వేరే ముల్లు వాడాలి. ఉక్కు ముల్లు వాడే పాత గ్రామఫోన్లలో ఒక్కో వైపు వినగానే ముల్లు మార్చడం ఆనవాయితీ. అరిగిన ముల్లు గాడిని కోసివేస్తుంది.

రికార్డును కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు లేబుల్‌పై ఉన్న సంఖ్యను, మధ్యభాగంలో చెక్కిన ముద్రణ సంఖ్యను కూడా రాసిపెట్టుకోవాలి. గాయకుల పేరు చెరిగిపోయిన రికార్డును గుర్తించడానికి తరచుగా ఈ సంఖ్యలే దారి చూపుతాయి.