మరపడవ డీజిలు ఇంజను - చల్లబరచు నీటి ఏర్పాటు

మరపడవ యజమానులు వలలనుగూర్చి, డీజిలు ఖర్చునుగూర్చి ఆలోచించినంతగా ఇంజనులో తిరుగు నీటినిగూర్చి ఆలోచించరు. ఒడ్డు కనబడని చోట ఇంజను వేడెక్కి పట్టివేసినచో వేట పోవుటయేగాక ప్రాణములకే ముప్పు రావచ్చును. తుఫాను హెచ్చరిక వినబడినప్పుడు రేవుకు చేరవలసినది ఆ ఇంజనుతోనే గదా!

ఇంజనులో డీజిలు కాలగా పుట్టు వేడిలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే పంకాను త్రిప్పుటకు ఉపయోగపడును. మరియొక మూడవవంతు పొగతో పోవును. మిగిలినదానిలో చాలా భాగమును నీరే మోసుకొనిపోవలెను. లారీకి ఎదురుగాలి తగులు రేడియేటరు ఉన్నది. పడవ అడుగున ఆ గాలి లేదు, చుట్టును సముద్రమే.

అట్లయిన ఉప్పునీటినే తిన్నగా ఇంజనులోనికి పంపరాదా అని మీరడుగవచ్చును. కొన్ని చిన్న ఇంజనులలో అట్లే పంపుదురు. కాని లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండును. ఆ నీరు సుమారు 55 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి కాగినచో లోపలి గోడలకు గార కట్టును. గార కట్టిన ఇనుము తన వేడిని నీటికి సరిగా ఈయదు. ఇంజనేమో 80 డిగ్రీల దరిదాపులలో ఉన్నప్పుడే డీజిలు చక్కగా కాలును.

అందుచేత పెద్ద ఇంజనులకు రెండు నీళ్ల పద్ధతి ఏర్పడినది. ఇంజను లోపల మంచినీరు మాత్రమే తిరుగుచుండును. ఉప్పునీరు వేరు దారిని వచ్చి, హీట్ ఎక్స్‌చేంజరులోని సన్నని గొట్టములగుండా పోవుచు, వాటి చుట్టునున్న మంచినీటి వేడిని లాగుకొని బయటపడును. కాచిన పాలగిన్నెను చన్నీళ్ల తొట్టిలో దించినట్లే ఇది. పాలును నీళ్లును కలియవు.

తిప్పలలో ఎక్కువ భాగము ఉప్పునీటి దారిలోనే వచ్చును. ఈ నీరు పడవ అడుగునున్న వాల్వులోనుండి జల్లెడకు, అచటనుండి రబ్బరు రెక్కల పంపుకు వచ్చును. ప్లాస్టిక్ సంచి ఒకటి అడుగున అంటుకొన్నను చాలును, నీరు ఆగిపోవును. గోదావరి, కృష్ణ నదుల మొగల దగ్గర వరద రోజులలో నీటితో వచ్చు ఇసుక, బురద ఆ రెక్కలను అరగదీయును. కావున బయలుదేరు ముందు జల్లెడ విప్పి కడుగుడు; తరువాత వాల్వు తెరచుట మరువకుడు. నీరు లేక తిరిగిన రబ్బరు రెక్కలు ఒకటి రెండు నిమిషములలోనే మాడిపోవచ్చును. పడవలో ఒక రెక్కల చక్రము అదనముగా ఉంచుకొనుడు. రెక్కలు విరిగినప్పుడు క్రొత్తది బిగించి ఊరకొనరాదు. విరిగిన ముక్కలన్నిటిని వెదకి తీయవలెను. లేనిచో అవి ఎక్స్‌చేంజరు గొట్టముల మొదట చేరి దారి మూసివేయును.

ఇంజను స్టార్టు చేయగానే సరంగు చూడవలసినది బయటకు వచ్చు నీటిధార. వేడిముల్లు పైకి ఎక్కుచు, ధార సన్నగిల్లినచో లోపము ఉప్పునీటి వైపున ఉన్నదని తలచుడు. ధార బాగుగనే ఉండి వేడి ఎక్కుచున్నచో మంచినీరు తగ్గియుండవచ్చును, పంపు బెల్టు వదులై ఉండవచ్చును, థర్మోస్టాటు బిగుసుకొనియుండవచ్చును, లేదా గొట్టములు గార పట్టియుండవచ్చును. ఏదైనను వేడిమీద ట్యాంకు మూత విప్పవద్దు. ఆవిరి ముఖమున చిమ్మును. కాలుచున్న ఇంజనులో చన్నీరు పోసినచో హెడ్డు పగులవచ్చును. చల్లారువరకు ఓపిక పట్టుడు.

థర్మోస్టాటు చెడినప్పుడు కొందరు దానిని తీసి పారవేసి, ఇంజను ఇప్పుడు చల్లగా నడచుచున్నదని సంతోషింతురు. అది తెలివిగల పని కాదు. చల్లని ఇంజనులో డీజిలు పూర్తిగా కాలక మసి పేరుకొనును, సిలిండరు త్వరగా అరుగును. క్రొత్తది వేయించుడు.

ఉప్పునీటి వైపున బిగించు జింకు కడ్డీ చిన్నదే, కాని దాని పని గొప్పది. ఉప్పునీటిలో రాగి, ఇనుము మొదలైన లోహములు కలిసియుండుటచే కలుగు తుప్పును అది తనమీద వేసికొని కరిగిపోవును. సగము కరుగగనే మార్చవలెను. దానికి రంగు పూయరాదు, పూసినచో పనిచేయదు.

మంచినీటి ట్యాంకులో తీరగ్రామముల బోరునీరు పోయవద్దు, అందులోనూ ఉప్పు ఉండవచ్చును. వడగట్టిన వాననీరు గాని, డిస్టిల్డు వాటరు గాని, కంపెనీవారు చెప్పిన పాళ్లలో కూలెంటు కలిపి పోయుడు.

తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధము. ఆ రోజులలో ఉప్పునీరు గొట్టములలో నిలిచినచో లోపలనే తినివేయును. పడవను రేవున కట్టినవెంటనే ఉప్పునీటి దారిని మంచినీటితో కడిగి, నీరంతయు క్రిందికి వదలుడు. రబ్బరు రెక్కలు ఒకేవైపు వంగి బిగుసుకొనిపోకుండ చక్రమును ఊడదీసి నీడపట్టున దాచుడు. తిరిగి బిగించునప్పుడు గ్రీజు పూయక సబ్బునీరు రాసి, రెక్కలు పంపు తిరుగు దిక్కునకు ఎదురుగా, అనగా వెనుకకు, వంగునట్లు ఎక్కించుడు. మొదటి వేటకు పోవుటకు రెండు రోజులు ముందుగా రేవులోనే అరగంటసేపు నడిపి, ధారను, వేడిముల్లును చూచుకొనుడు.